పిలుపు లేని ముహూర్తాలు

"కరీంనగర్ల దొరికిందట బాపూ. ఒకటి కాదు, ఇయ్యాల ఒక్కరోజే ఏడు."

2020 మార్చి 18 రాత్రి. తెల్లారితే పదో తరగతి పరీక్షలు మొదలు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి టీవీ చూస్తోంది. ఇండోనేషియా నుంచి వచ్చిన బృందం 14న ఢిల్లీ రైల్లో రామగుండంలో దిగి కరీంనగర్ చేరిందని వార్త. పంతులుగారు సంచిలో పంచాంగం సర్దుతున్నవారు ఆగిపోయారు. మంథని వాళ్ళు రైలెక్కాలన్నా, దిగాలన్నా రామగుండమే. అప్పటిదాకా చైనా రోగం, ఆ రాత్రి నుంచి స్టేషను రోగం.

పేర్లు రాయడం లేదు. ఈ కుటుంబాన్ని ఆ వేసవిలో మంథని బ్రాహ్మణ వీధుల్లో ఎన్నో ఇళ్ళు పడ్డ పాట్లలోంచి కూర్చాం. తేదీలు, ఉత్తర్వులు మాత్రం ఉన్నవున్నట్టే. మంత్రపురి అని పేరున్న ఈ ఊళ్ళో పౌరోహిత్యమే ఆధారమైన ఇళ్ళకు లెక్క లేదు. పది మంది గుమిగూడితేనే వాళ్ళ పొయ్యి వెలుగుతుంది. ప్రభుత్వం వద్దన్నది సరిగ్గా దాన్నే.

మూడు పరీక్షలు అయ్యాయి. మిగతావి ఆపమంది హైకోర్టు. 21 రాత్రి చివరి బస్సుల్లో ఒకటి పట్టుకుని, అమీర్‌పేట హాస్టల్ నుంచి పంతులుగారి పెద్దోడు దిగాడు. తెల్లారితే జనతా కర్ఫ్యూ. నానమ్మ గడప దాటనివ్వలేదు.

"బాయి కాడ తానం జెయ్. బట్టలు ఆడ్నే ఇడువు. పద్నాలుగు రోజులు ముందరర్ర దాటద్దు."

"నాకేం లేదు నానమ్మా."

"ఉన్నోనికీ అట్లనే అనిపిస్తదట."

మన పెద్దల మడి ఆచారం ఇందుకేనని ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఒక మాట తెగ తిరిగింది. దీన్ని ఒప్పుకోవడం కష్టం. మడి కట్టుకున్నవాళ్ళకు ఎవరిని దూరం పెట్టాలో ముందే తెలుసు. ఈ రోగం ఆ తేడాలు పాటించలేదు. ఆ ముసలమ్మ కంచం నేలమీద పెట్టి వెనక్కి జరిగింది సొంత మనవడి దగ్గరే. జరిగి, తలుపు పక్కన కూర్చుని, వాడు తినేదాకా లేవలేదు.

25న ఉగాది. ఆ తెల్లవారుజాము నుంచే దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్. ఏటా గుళ్ళో మైకు ముందు పంచాంగం చదివే పంతులుగారు ఈసారి ఇంట్లో ఫోన్ స్పీకర్ పెట్టి చదివారు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్యాలు అయ్యాక అవతల నుంచి ఓ రైతు అడిగాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయి గని పంతులుగారూ, ఈ రోగం ఎప్పుడు పోతదో రాసిన్రా?"

"రాయలే. వచ్చేదే రాయలే, పోయేది ఏం రాస్తరు."

ఏప్రిల్ పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే ఫోన్లో పోయాయి. ఉన్న ధీమా అంతా తాతయ్య పింఛను. రిటైర్డ్ మాస్టారు. మార్చి 30న ప్రభుత్వం జీతాలతో పాటు పింఛన్లకూ కోత పెట్టింది. ఆయనకు చేతికొచ్చింది సగం. తెల్లకార్డు ఉన్నవాళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చారు. పింఛనుదారు ఇంటికి ఆ కార్డు లేదు. ఉన్నదీ సగమై, లేనివాళ్ళ లెక్కలోకీ రాక, నడుమ పడ్డ ఇళ్ళ గురించి ఆ నెల ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నానమ్మ సాయంత్రం టిఫిన్ మానేసింది, అరగడం లేదని చెప్పి.

ఏప్రిల్‌లోనే వీధి చివర ఒక పెద్దాయన పోయారు. కరోనా కాదు, గుండె. పెద్ద కొడుకు డాలస్‌లో. మార్చి 22 నుంచి విదేశీ విమానాలు లేవు. అంత్యక్రియలకు ఇరవై మంది మించొద్దని నిబంధన. వచ్చింది అంతకంటే తక్కువే. చిన్న కొడుకు తలకొరివి పెట్టాడు.

పదో రోజు గోదావరి ఒడ్డున పంతులుగారు, చిన్న కొడుకు, మరో ఇద్దరు. రాగిచెంబుకు ఆనించి నిలబెట్టిన ఫోన్లో పెద్ద కొడుకు. అక్కడ రాత్రి పదిన్నర. స్నానం చేసి, పంచె కట్టుకుని, ముందు స్టీలు పళ్ళెం, నల్ల నువ్వులు పెట్టుకుని కూర్చున్నాడు. పంతులుగారు మాస్కు గడ్డం కిందికి లాగి మంత్రం చెబితే మాట అక్కడికి ముక్కలై చేరుతోంది. గోత్రం చెప్పి, తండ్రి పేరు చెప్పి, నీళ్ళు వదలమనేసరికి బొమ్మ ఆగిపోయింది. వంచిన చెయ్యి అట్లాగే ఉంది, నీళ్ళు పడలేదు.

"అన్నా, ఇడిసినవా?" తమ్ముడు ఫోన్ చేతిలోకి తీసుకుని రెండు మెట్లు పైకెక్కాడు.

కాసేపటికి గొంతొక్కటే వచ్చింది. "ఇడిసిన. పంతులుగారూ, లెక్కకొస్తదా?"

శాస్త్రం ఏమంటుందో ఆయనకు తెలుసు. కూర్చున్న చోటు నుంచే ఫోను వైపు చూస్తూ అన్నారు. "వస్తది నాయనా. మళ్ళొకసారి ఇడువు, నేను చెప్త."

మొదటినుంచి మళ్ళీ చెప్పారు. ఆ దక్షిణ పంతులుగారి పెద్దోడి ఫోన్‌పేలో పడింది, 1,116 రూపాయలు. అందులోంచి మూడు వందలు పెద్దోడి ఫోన్ రీచార్జ్‌కే పోయాయి. మరుసటి వారం ఇంకో తద్దినం ఫోన్లోనే చేయించాలి మరి.

మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. గుళ్ళలో దర్శనాలకు జూన్ 8 దాకా ఆగాల్సి వచ్చింది. దీనిమీద పంతులుగారి వ్యాఖ్య అచ్చుకు తగదు.

అదే జూన్ 8 సాయంత్రం, పదో తరగతి మిగతా పరీక్షలు రద్దని ముఖ్యమంత్రి కేసీఆర్ నిర్ణయం వెలువడింది. బళ్ళో పెట్టిన పరీక్షల మార్కులతోనే గ్రేడ్లు. 5 లక్షల 34 వేల పైచిలుకు పిల్లలు, అందరూ పాస్. మూడు నెలలుగా మనవరాలికి లెక్కలు చెబుతున్న తాతయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నా సర్వీసుల రాసి ఫెయిలైనోళ్ళను సూసిన. రాయకుంట పాసైనోళ్ళను సూడలే."

"మరి ఈ పుస్తకాలు ఇంకెవలికన్న ఇద్దామా తాతా?"

"త్రికోణమితి సగంల ఉన్నది. తియ్యి, అది అయినంక ఇద్దాం."