శోధన నుండి పారిపోవడం

పాపానికి దారితీసే పరిస్థితి నుంచి విశ్వాసి వెంటనే తొలగిపోవాలన్నది క్రైస్తవ బోధ. దీనికి మొదట గుర్తొచ్చే ఉదాహరణ ఆదికాండము 39వ అధ్యాయంలోని యోసేపు. ఐగుప్తులో యజమాని పోతీఫరు భార్య అతణ్ణి రోజూ వేధించేది. ఒకనాడు ఆమె అతని వస్త్రం పట్టుకోగా, దాన్ని ఆమె చేతిలోనే వదిలి బయటికి పరుగెత్తాడు. అబద్ధపు నిందతో చెరసాల పాలయ్యాడు. పారిపోయినవాడికి వెంటనే మేలు జరిగిందని కథ చెప్పదు. దాని బలమంతా అక్కడే ఉంది.

జారత్వం, విగ్రహారాధన, ధనాపేక్ష, యౌవనేచ్ఛలు: పౌలు పేరిట ఉన్న పత్రికలు వీటి నుంచి పారిపొమ్మంటాయి. రెండో తిమోతి పత్రిక (2:22) అంతటితో ఆగక, నీతిని, విశ్వాసాన్ని, ప్రేమను, సమాధానాన్ని పవిత్ర హృదయులతో కలిసి వెంటాడమంటుంది. అందుకే పారిపోవడాన్ని ఒంటరి పోరాటంగా బోధించడం సరికాదు.

4వ శతాబ్దపు సన్యాసి ఎవాగ్రియస్ ఒక వివాహితపై కలిగిన మోహానికి భయపడి కాన్‌స్టాంటినోపుల్ విడిచాడు. యెరూషలేం మీదుగా ఈజిప్టు ఎడారి చేరి, అక్కడా మనసును వెంటాడే దుష్ట తలంపులను ఎనిమిదిగా విభజించాడు. ఒక్కో తలంపుకు ఎదురు చెప్పే లేఖన వాక్యాలను ప్రత్యేక గ్రంథంగా కూర్చాడు.