పదహారణాల గొలుసు

షామీర్‌పేట వైపు పాత టిప్పన్ (పొలం కొలతల పటం) ఏది తీసినా కొలతలు అణాల్లో ఉంటాయి. రూపాయికి ఉన్నట్టే భూమి కొలిచే గొలుసుకూ పదహారణాలు! గొలుసు పొడవు 33 అడుగులు, అంటే అణాకు రెండడుగుల ముప్పావు అంగుళం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చెక్క ఒక గుంట, 40 గుంటలు ఎకరం. ఈ లెక్క తెలిసిన నాటి నుంచి హద్దురాయి కనబడితే ఆగకుండా ఉండలేకపోతున్నాను.

రాయి పీకేసినా సాక్ష్యం మిగలాలని హద్దు కింద బొగ్గు, ఊక, ఎముకలు, పెంకులు పూడ్చమంది మనుస్మృతి. వేంగీ చాళుక్యుల రాగిరేకులు చెరువులు, పుట్టలు, చెట్ల గుర్తులతో పొలిమేర చుట్టూ తిప్పుతాయి. అక్కణ్ణుంచి నేరుగా నిజాం దివాన్ సాలార్‌జంగ్ కాలానికి వస్తాను, నాకు ప్రాణమైన కాలం అదే.

1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసే జిలాబందీ అయింది. 1870ల్లో బొంబాయి పద్ధతి సర్వే వచ్చింది. హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్నది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా, అందులో మేడ్చల్ ఒక తాలూకా. నిజాం సొంత ఖర్చుల కోసం విడిగా ఉంచిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఈ జిల్లాలో ఉండేవి. ఒక ఊరి శిస్తు నిజాం సొంత ఖజానాకు, పక్క జాగీరు ఊరిది జాగీర్దారుకు. అలాంటి చోట పొలిమేర రాయి జానెడు జరిగినా రెండు ఖజానాల తగవే. అందుకే టిప్పన్‌లో అణా అణాకూ విలువుండేది, విస్తీర్ణం సేత్వార్ అనే భూమి రిజిస్టరులోకి ఎక్కేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో, అంటే ప్రభుత్వ భూముల్లో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. రాళ్ళు మాత్రం అక్కడే నిలిచాయి.

మూడు ఊళ్ళు కలిసేచోట ఒక రాయి చూశాను. మోకాలెత్తు గరుకు గ్రానైటు. తల మీద మట్టి తుడిస్తే ఉలిగీతలు తేలాయి. "గిది మూడూర్ల రాయి బిడ్డా, దీని దగ్గర నాగలి ఎత్తి తిప్పుకునేటోళ్ళం" అన్నాడు ఆ పక్క చేని పెద్దాయన.

1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలాలు, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి. కాగితం మీద గీతలు ఎన్నిసార్లు మారినా పొలిమేరలు ఓర్చుకున్నాయి. జేసీబీని ఓర్చుకోలేకపోతున్నాయి. వెంచర్ చదును చేసేవాళ్ళకు హద్దురాయి అడ్డంగా ఉన్న బండ. రెండు ఊళ్ళు తరాల తరబడి తలవంచిన ఒప్పందం దాంతోపాటే కూలుతోంది. ఇది మామూలు నష్టం కాదు.

రాయి కనిపిస్తే కదపకండి. నాలుగు వైపులా ఫోటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ పెట్టుకోండి, కలిసే ఊళ్ళ పేర్లు రాయండి. నాగలి తిప్పిన చేతులవాళ్ళు ఉండగానే వాళ్ళ మాట రికార్డు చేయండి. కొత్త రాయి ఎప్పుడైనా పాతుకోవచ్చు, ఆ సాక్ష్యం మళ్ళీ దొరకదు.