తల్లిదండ్రుల సన్మానము: గాండ్లపెంట నేల చెప్పే పాఠము
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనము ధ్యానించబోయేది పది ఆజ్ఞలలో అయిదవది. తల్లిదండ్రులను సన్మానించమని దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞ అది. నిర్గమకాండము 20వ అధ్యాయము 12వ వచనములో అది ఉన్నది. ఈ మాటను మన రాయలసీమ చరిత్రతో కలిపి చూద్దాము.

శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి చేరువలో గాండ్లపెంట మండలము ఉన్నది. ఆ మండలములోని కటారుపల్లెలో యోగి వేమన సమాధి ఉన్నది. వేమన క్రైస్తవుడు కాడు, బైబిలు చదివినవాడని చెప్పుటకు ఆధారమూ లేదు. అయినను తల్లిదండ్రుల మీద దయలేని కొడుకును ఆయన చెదపురుగుతో పోల్చాడు. అటువంటివాడు పుట్టినా ఒకటే, గిట్టినా ఒకటే అన్నాడు. ఆ పద్యము బడికి వెళ్లిన ప్రతి తెలుగు బిడ్డకూ నోటికి వచ్చు. ధర్మశాస్త్రము లేనివారి హృదయములలో కూడా ధర్మశాస్త్రసారము వ్రాయబడి ఉన్నదని అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయములో చెప్పినది ఇటువంటి సంగతే గదా!

ఆ పద్యములను వెదకి, పోగుచేసి, అచ్చువేయించినవారిలో ముఖ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర. ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ సువార్త సేవకుడు, బహు భాషలు ఎరిగినవాడు. చిన్ననాడే కుమారునికి హెబ్రీ మొదలైన భాషలు నేర్పించాడు. 1812లో తండ్రి చనిపోయేనాటికి చార్లెస్‌కు ఇంకా పద్నాలుగేండ్లు నిండలేదు. తరువాత కుటుంబము ఇంగ్లండు చేరింది. ఆ పిల్లవాడే 1817లో ఉద్యోగానికి మద్రాసు వచ్చి, 1820లో కడపకు చేరాడు. ఆ రోజులలో కదిరి ప్రాంతము కడప జిల్లాలోనిదే. అనంతపురము జిల్లాలో అది కలిసినది 1910లో. 1829లో బ్రౌన్ 693 వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించాడు. 1839లో ఆ సంఖ్యను 1164కు పెంచి మరల అచ్చువేయించాడు. తండ్రి పెట్టిన ఆస్తి కరిగిపోవచ్చును గాని, తండ్రి నేర్పిన చదువు కొడుకు చేతిలో ఒక జాతికే మేలు చేసినది. తల్లిదండ్రుల వలన పొందిన దానిని పదిమందికి పంచుట కూడా సన్మానమే.

అయితే సన్మానము అంటే ఏమిటి? ఈ కాలములో సన్మానము అనగానే శాలువా, పూలదండ, ఫోటో మన కళ్లముందు మెదలుతాయి. హెబ్రీ భాషలో ఆ ఆజ్ఞలోని మాటకు మూలార్థము "బరువు". తల్లిదండ్రులను తేలికగా తీసివేయకుము, వారి మాటకు, వారి అవసరానికి బరువు ఇమ్ము అని దాని భావము. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో విధవరాండ్రను సన్మానించుట గురించి చెప్పి, వెంటనే పిల్లలు తమ పెద్దలకు ప్రత్యుపకారము చేయవలెనని నేర్పాడు. తన ఇంటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని 8వ వచనములో హెచ్చరించాడు. అనగా సన్మానములో అన్నము ఉన్నది, మందు ఉన్నది, గుడ్డ ఉన్నది.

ఇక్కడ ఒక పాత ప్రశ్న వస్తుంది. "మీరు యేసును నమ్మితే కన్నవారిని వదిలేస్తారట గదా?" అని మన తాతల కాలము నుండి అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలో కన్నీరు ఉన్నది, దానిని తేలికగా తోసివేయరాదు. మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ దొర 1843లో పాఠశాల తెరిచాడు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరంతా కలత చెందినది, బడి దాదాపు ఖాళీ అయినది. ఆ ఇద్దరూ తరువాత సంఘకాపరులైనారు. వారి విశ్వాసమును బట్టి మనము దేవుని స్తుతిస్తాము. కాని ఆ దినమున వారి ఇండ్లలో తల్లులు కార్చిన కన్నీరు కూడా మన సంఘచరిత్రలో భాగమే. ఆ రోజులలో మతము మారినవారికి పిత్రార్జితము దక్కనిచ్చేవారు కారు. 1850లో వచ్చిన చట్టము ఆ హక్కును కాపాడినది. చట్టము ఆస్తిని కాపాడగలదు గాని, తెగిన ప్రేమను అతికించలేదు.

మరి లూకా 14:26లో తండ్రిని తల్లిని ద్వేషింపవలెనని ప్రభువు అన్నాడే అంటారా? ప్రభువుకు మొదటి స్థానము ఇయ్యుమని దాని అర్థము. మత్తయి 10:37 చదివితే ఇది తేటగా తెలుస్తుంది. ప్రభువు నిమిత్తము తల్లిదండ్రుల మాటను కాదనవలసి రావచ్చును. వారిని ఆకలితో విడిచిపెట్టుటకు మాత్రము అది సాకు కానేరదు. సిలువ మీద వ్రేలాడుచు, ఊపిరి అందని వేళ, యేసు ప్రభువు తన తల్లిని శిష్యునికి అప్పగించాడు. లోకమంతటి పాపభారమును మోస్తున్న ఆ ఘడియలో కూడా తల్లికి నీడ ఎక్కడ అని ఆలోచించాడు. ఇక మనకు తీరిక లేదని ఎలా చెప్పగలము?

దేవుని బిడ్డలారా, మార్కు సువార్త 7వ అధ్యాయము తెరచి చూడండి. తల్లిదండ్రులకు ఇయ్యవలసిన దానిని "కొర్బాను", అనగా దేవునికి అర్పితము అని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు గద్దించాడు. వారు తాగుబోతులు కారు, జూదగాండ్రు కారు. భక్తిపరులని పేరు పొందినవారే. పాపము భక్తి వస్త్రము వేసికొని వచ్చినది! మందిరములో కానుకల పెట్టె నింపి, ఇంటి దగ్గర నాయనకు బీపీ మాత్రలు కొనియ్యనివాని కానుకను ప్రభువు ఎలా అంగీకరించును? బ్రతికి ఉండగా అమ్మకు ఒక దుప్పటి కొనియ్యక, చనిపోయిన తరువాత జ్ఞాపకార్థ కూడిక పెట్టి, సమాధికి పాలరాయి వేసి, వందలమందికి భోజనము పెడితే ఎవరికి సన్మానము?

మన అనంతపురము, కదిరి సీమ కరవు సీమ. వేరుశెనగ పండని యేట పిల్లలు బెంగళూరుకు, కొందరు కువైటుకు పోతారు. పోవుట పాపము కాదు, కడుపు కోసము పోతున్నారు. ఊరిలో అవ్వ, తాత మిగులుతారు. డబ్బు పంపుట మంచిదే, కాని వారానికి ఒక్కసారైనా ఫోనులో వారి స్వరము వినండి. పింఛను పడినదా, కన్ను కనబడుచున్నదా, ఎవరు వండి పెడుతున్నారు అని అడగండి. ఆ ఊరి సంఘము కూడా వారి పిల్లవలె నిలబడవలెను. ఆదివారము వారి తలుపు మూసి ఉంటే ఎందుకని వెళ్లి చూడవలెను.

దేశము కూడా ఈ బాధను గుర్తించినది. 1987లో సుప్రీంకోర్టు, పెండ్లి అయిన కుమార్తెకు కూడా తల్లిదండ్రులను పోషించే బాధ్యత ఉన్నదని తీర్పు చెప్పినది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చినది. దాని ప్రకారము రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలు నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చును. చూసుకుంటామన్న షరతు మీద ఇల్లు, పొలము వ్రాయించుకొని చూడనివారి పేర ఉన్న ఆ దస్తావేజును రద్దు చేయవచ్చును. దిక్కులేని పెద్దలు ఈ సహాయము అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడవలసినది విశ్వాసులమని చెప్పుకొనుచు వారిని ఆ మెట్లు ఎక్కించిన మనమే.

తాగి కొట్టిన తండ్రి, వదిలిపోయిన తల్లి ఉన్నవారు కూడా ఈ మాటలు వింటూ ఉండవచ్చును. వారి పాపమును పుణ్యమని చెప్పమని దేవుడు మిమ్మును అడుగుట లేదు. దెబ్బలకు దూరముగా ఉండండి. పగ మాత్రము పెట్టుకొనవద్దు. వారి ముసలితనములో ఒక ముద్ద అన్నము మీ చేతినుండి వెళ్లనియ్యండి. క్షమాపణ అక్కడ మొదలగును.

శ్రోతలారా, ఈ ఆజ్ఞ వాగ్దానముతో కూడిన మొదటి ఆజ్ఞ అని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయము చెప్పుచున్నది. ఈ రాత్రి పడుకొనక ముందే మీ అమ్మానాయనలతో మాట్లాడండి. వారు ప్రభువునందు నిద్రించియుంటే, మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక పెద్దాయన తలుపు తట్టండి. ప్రభువు అట్టి కృప మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.