రాస్ దీవి: రెండు పేర్ల కింద మూగబోయిన చరిత్ర

అండమాన్ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్‌ను ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. ఆ రేవు ముఖద్వారం దగ్గర ఒక చిన్న దీవి ఉంది. దాని విస్తీర్ణం చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఇంగ్లీషువాళ్ళు దానికి డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరు పేరు పెట్టారు. 2018లో ప్రభుత్వం దానిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం చేసింది. ఈ రెండు పేర్లకన్నా ముందు ఆ రేవు చుట్టూ వేటాడి, చేపలు పట్టి బతికినవాళ్ళు గ్రేట్ అండమానీ ఆదివాసులు.

1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చి 10న, డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఆ రేవులో దిగాడు. మొదట దిగిన చాతం దీవిలో నీళ్ళు చాలక, మకాం రాస్‌కు మార్చారు. ఖైదీల చేతనే అడవి కొట్టించి బంగళాలు, చర్చి, బజారు కట్టించారు. పాలనకు కేంద్రం కూడా అదే అయింది.

తమ అడవి తరిగిపోతుంటే ఆదివాసులు చూస్తూ ఊరుకోలేదు. 1859 మేలో రేవు ఒడ్డున అబర్డీన్ దగ్గర విల్లంబులతో దాడి చేశారు. కానీ వాళ్ళ మధ్య ఏడాదికి పైగా బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ఆ కబురు ముందే దొరలకు చేరవేశాడు. తుపాకులకు ఎదురు నిలిచినవాళ్ళు ఓడిపోయారు. కబురు చెప్పినవాడికి శిక్ష రద్దయింది.

1863లో రాస్ దీవిలోనే 'అండమాన్ హోమ్' తెరిచారు. ఆదివాసులను అక్కడ ఉంచి ఇంగ్లీషు నేర్పారు, పనులు చేయించారు. పారిపోయిన ఖైదీలను పట్టుకోవడానికి వాళ్ళనే వాడుకున్నారు. ఆ సహవాసంతోపాటు కొత్త రోగాలూ వచ్చాయి. 1876లో సిఫిలిస్ బయటపడింది, 1877లో తట్టు వ్యాపించింది. వేలల్లో ఉన్న ఆ పది తెగలవాళ్ళు 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది మిగిలారు. 2010లో బోవా సీనియర్ అనే పెద్దమ్మ చనిపోవడంతో బో భాష మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు.

ఈ రేవుతో మన మన్యానికీ బంధం ఉంది. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడినవాళ్ళలో చాలామందిని అండమాన్‌కే పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒక ఆదివాసీ నేలను ఆక్రమించి, మరో ఆదివాసీని అక్కడే బందీని చేశారు.

1941 భూకంపం, 1942లో జపాన్ ఆక్రమణ తరువాత రాస్ వైభవం ముగిసింది. ఇప్పుడు పర్యాటకులు చూసేది మర్రివేళ్ళు అల్లుకున్న దొరల ఇళ్ళను. హోమ్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళు మాత్రం అక్కడ కనబడవు.

అందుకే మనం మన వాగుల పేర్లు, గుట్టల పేర్లు, ఊరు ఎట్లా పుట్టిందో చెప్పే మాటలు పెద్దల నోట విని రాసుకోవాలి. బడిలో ఉపాధ్యాయులు పిల్లలకు దీనినే ఇంటిపనిగా ఇవ్వవచ్చు. మన పేర్లు మనం రాసి ఉంచకపోతే, వేరేవాళ్ళు పెట్టిన పేర్లతోనే మన చరిత్ర మొదలవుతుంది.