మోటారు ఆగలేదు, రెక్క ఓడిపోయింది

పోయిన ఆదివారం సత్తువాచారి పక్కన పాలారు ఇసుకలో మన పిల్లవాడొకడి బ్యాటరీ విమానం మూడోసారి కూలింది. మోటారు తిరుగుతూనే ఉంది. మలుపు తిప్పగానే ఎడమ రెక్క వాలి, ముక్కు నేలను పొడిచింది. "మోటారు బలం చాలలేదురా, పెద్దది వేద్దాం" అన్నాం. "ఇంక నా వల్ల కాదు మామా" అంటూ వాడు పెట్టె మూసేశాడు. మేమన్న మాటే తప్పని ఇంటికొచ్చి పాత చరిత్ర తిరగేస్తే తెలిసింది.

1896 ఆగస్టు 9న జర్మనీలో ఓటో లిలియెంతాల్ గ్లైడర్ గాలిలో ముక్కెత్తి, వేగం పోయి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి కూలింది. మర్నాడు ఆయన కన్నుమూశాడు. ఆ గ్లైడర్‌కు అసలు మోటారే లేదు! 1901లో అమెరికాలో విల్బర్ రైట్‌కూ అదే గండం ఎదురైంది. రైట్ సోదరులు ఎలివేటర్‌ను ముందువైపు పెట్టారు. వాళ్ల గ్లైడర్ ముక్కు కింద పెట్టి పడిపోకుండా చదునుగా ఇసుక మీదికి దిగింది. విల్బర్ బతికాడు.

కారు స్టాల్ అయిందంటే ఇంజిన్ ఆగిందని అర్థం. విమానంలో అలా కాదు. రెక్క గాలికి ఎదురు నిలిచే కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే, పైభాగాన్ని అంటిపెట్టుకొని పారే గాలి విడిపోతుంది. ఎత్తే బలం పడిపోతుంది. అదే స్టాల్. మలుపులో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు వాల్చి తిప్పితే రెక్క మోయాల్సిన భారం రెట్టింపవుతుంది, స్టాలయ్యే వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది.

1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కర్నల్ టాప్లిన్ రేడియోతో నడిపే విద్యుత్ విమానం ఎగరేశాడు. ఆనాటి నుంచీ ఈ విమానాలకు బ్యాటరీ బరువే పెద్ద చిక్కు. మా తప్పూ అక్కడే దొరికింది. ఎక్కువసేపు ఎగరాలని పోయిన నెల పెద్ద బ్యాటరీ వేశాం. ముందు పట్టలేదని వెనక్కి జరిపాం. రెక్క అంచు నుంచి దాని వెడల్పులో నాలుగోవంతు దగ్గర రెండు వేళ్లపై నిలబెడితే తోక దబ్బున వాలింది. తోక బరువైతే ముక్కు దానంతటదే లేస్తుంది. మేము చెప్పిన పెద్ద మోటారు వేసుంటే బరువు ఇంకా పెరిగేది.

నిన్న సాయంత్రం పాత బ్యాటరీని ముందుకు పెట్టి, వాణ్ణి బతిమాలి తీసుకొచ్చాం. బాగా ఎత్తుకు తీసుకెళ్లి, మోటారు తగ్గించి, కర్రను మెల్లగా వెనక్కి లాగమన్నాం. ముక్కు తిన్నగా కిందికి వంగింది. "వదులు!" అన్నాం. కర్ర వదిలాడు, వేగం అందుకుంది, విమానం లేచింది. మళ్లీ మళ్లీ అదే చేసి చూశాడు. చీకటి పడ్డాక కూడా వాడు పెట్టె మూయలేదు.

మన ఇళ్లల్లో పిల్లలు పడినప్పుడు ఇంకా బలం చాలదని మనం అనేస్తాం. ముందు బరువు ఎక్కడ పెట్టామో చూద్దాం.