నేలబారు జెట్

విమానం ఎక్కేటప్పుడు కిటికీ సీటు వచ్చిందా లేదా అని చూసుకుంటాం గానీ, ఇంజిన్‌కూ నేలకూ మధ్య ఎంత ఎడముందో పట్టించుకోం. బోయింగ్ 737 కథ చాలావరకు ఆ ఎడంలోనే ఉంది.

1960ల నడుమ చిన్న జెట్ అంటే ఇంజిన్లు తోక దగ్గరే ఉండేవి. పోటీదారు డగ్లస్ డీసీ-9 అలాగే వచ్చింది. బోయింగ్ ఇంజినీరు జో సటర్ మాత్రం విమానం బొమ్మను కత్తెరతో ముక్కలు చేసి, ఇంజిన్లను అటూ ఇటూ జరిపి చూశాడు. చివరికి రెక్కల కింద, వాటికి ఆనించినట్టుగా పెట్టాడు. పొట్ట వెడల్పు పెద్దన్న 707దే: 3.76 మీటర్లు. నడవకు అటు మూడు సీట్లు, ఇటు మూడు.

1967 ఏప్రిల్ 9న తొలిసారి ఎగిరింది. పొడవు 28.6 మీటర్లు, రెక్క కొస నుంచి కొసకు 28.3. అంటే దాదాపు చదరం! సీట్లు వంద దాకా. మరుసటి ఏడాది లుఫ్తాన్సా ప్రయాణికులను ఎక్కించింది. ఆ రకం 30 మాత్రమే తయారయ్యాయి. అసలు గిరాకీ కాస్త సాగదీసిన 200 రకానికి. బేగంపేటలో దిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ తొలి 737లు అవే.

విమానాన్ని నేలకు దగ్గరగా నిలబెట్టే ఈ పొట్టి కాళ్లు అప్పట్లో వరం. చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో సామాను ఎత్తే యంత్రాలు ఉండేవి కావు. కూలీలు నేల మీద నిలబడే పెట్టెలు లోపలికి అందించేవారు. ప్రధాన చక్రాలకు పూర్తి తలుపులు కూడా పెట్టలేదు. ఎగిరాక కింది నుంచి చూస్తే పొట్టలో టైర్లు గుండ్రంగా కనిపిస్తాయి.

చిక్కు 1980ల్లో మొదలైంది. చమురు ఆదా చేసే కొత్త ఇంజిన్లు లావు. నేలకు తగలకుండా ఇంజిన్ తొడుగు అడుగును చదును చేసి సర్దారు. 2011లో ఎయిర్‌బస్ ఏ320 నియో పోటీ ముంచుకొచ్చాక, కొత్త విమానం గీయడానికి బదులు అదే పాతదానికి ఇంకా లావు ఇంజిన్లు తగిలించారు. తప్పు సటర్‌ది కాదు, ఈ నిర్ణయానిదే అంటాను. అలా వచ్చిన 737 మ్యాక్స్‌లో ఇంజిన్లు ముందుకూ పైకీ జరిగాయి. దాంతో కొన్ని సందర్భాల్లో ముక్కు పైకి లేచే ధోరణి వచ్చింది. దాన్ని అణచడానికి ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మేలా చేశారు. ఆ సెన్సర్ తప్పు చెప్పింది. 2018 అక్టోబరులో ఇండోనేసియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో మ్యాక్స్‌లు కూలి, కలిపి 346 మంది పోయారు.

ఆ ప్రమాదాల తర్వాత ఎగరకుండా ఆపేసిన మ్యాక్స్‌లకు అమెరికాలో 2020 నవంబరులో, మన దేశంలో 2021 ఆగస్టులో మళ్లీ అనుమతి దొరికింది. ఇప్పుడు ఎంకాస్ రెండు సెన్సర్ల లెక్కలూ పోల్చి చూస్తుంది. అవి కలవకపోతే జోక్యం చేసుకోదు.