ఆపదలో పడవ కేక

నూజివీడు మామిడితోటలకు సముద్రపు హోరు వినబడదు. అయినను కాయ ముదిరే వైశాఖమున బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదని తెలిసిన తోటమాలి గుండె బెదరును. 1990 మే 9న కృష్ణా ముఖద్వారము చెంత తీరము దాటిన తుపాను అట్టిదే. తోటలో రాలునది కాయ. నడిసముద్రమున పోవునది ప్రాణము. అక్కడి పడవ తన ఆపదను ఒడ్డుకు ఎట్లు తెలుపగలదు?

పూర్వము నావికులు మంటలు వేసి, తుపాకులు పేల్చి పిలిచేవారు. ఆ పిలుపు చూపు, వినికిడి దాటి పోదు. మార్కోనీ నిస్తంత్రి విధానము ఈ హద్దును చెరిపినది. 1906లో బెర్లిను సమావేశము 'ఎస్.ఓ.ఎస్.' అను ఆపద సంకేతమును నిర్ణయించినది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను తాకినపుడు ఆ పిలుపు విని కార్పేథియా వచ్చి సుమారు 700 మందిని కాపాడినది. అంతకంటె దగ్గరనున్న కాలిఫోర్నియన్ ఓడలో మాత్రము వార్తాహరుడు నిద్రించుచుండెను. కేక వేసిన చాలదు. వినువాడు మేలుకొని ఉండవలెను.

నిద్రలేని చెవి ఆకాశమున దొరికినది. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు ఒడంబడిక చేసుకొన్నవి. 1982 జూన్ 30న సోవియట్ ఉపగ్రహము కాస్మాస్-1383 పైకి పోయినది. ఆ సెప్టెంబరులోనే కెనడాలో కూలిన చిన్న విమానము జాడను అది పట్టి ఇచ్చినది; ముగ్గురు బ్రతికినారు.

జాడ తెలియుట ఎట్లు? దగ్గరకు వచ్చు రైలు కూత హెచ్చుస్థాయిలోను, దూరమగు రైలు కూత తగ్గుస్థాయిలోను వినబడును. ఇదే డాప్లర్ ఫలితము. ఉపగ్రహము కదలుచుండగా రేడియో సంకేతపు పౌనఃపున్యము మారు తీరును లెక్కించి స్థలమును గుర్తింతురు.

మన ఇన్సాట్ ఉపగ్రహములు భూమిపైనున్న వానికి కదలనట్లు కనబడును. కనుక వాటి ద్వారా ఈ లెక్క కుదరదు. పరికరమే తన తావును తెలిసికొని చెప్పవలెను. ఇస్రో రూపొందించిన ఆపద సూచిక 2010 నుండి మత్స్యకారులకు ఈ పని చేయుచున్నది. మీట నొక్కిన సందేశము నియంత్రణ కేంద్రమునకు, అటనుండి తీరరక్షక దళమునకు చేరును. 2024 జనవరిలో వెలువడిన రెండవ తరము పరికరము, పిలుపు అందినదని పడవకు బదులు కూడ చెప్పును.

తుపానును ఏ యంత్రమును ఆపలేదు. ఒడ్డున మరచిన సూచిక, బ్యాటరీ తీరిన సూచిక మూగవే. పడవ కదలక మునుపు వలతోపాటు దానిని కూడ సరిచూచుకొనుట మనిషి వంతు.